తెల్లబట్ట అయితే ప్రతిసారీ జబ్బేనా?

ఈ నెల ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తెల్లబట్ట గురించినవే. కొందరు జబ్బు కానిదాన్ని జబ్బనుకుని ఏళ్ల తరబడి మందులు వాడుతున్నారు, మరికొందరు వెంటనే చూపించుకోవలసిన లక్షణాన్ని ‘ఆడవాళ్లకు మామూలే’ అనుకుని దాచుకుంటున్నారు. రెండు రకాల ఉత్తరాలనూ ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాం. రాసిన వారి పేర్లు, ఊర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నా వయసు 24 ఏళ్లు. పెళ్లి కాలేదు. నాలుగైదేళ్లుగా దాదాపు రోజూ తెల్లబట్ట అవుతోంది. నెలసరి ఆగిన వారం తర్వాత అది మరీ ఎక్కువై, జిగురుగా తీగలు సాగుతూ ఉంటుంది. తర్వాత చిక్కబడి తగ్గిపోతుంది. దురద, మంట లేవు. వాసన కూడా చెప్పుకోదగినంత లేదు. కానీ ఎప్పుడూ నీరసంగా, నడుము లాగుతున్నట్టు ఉంటుంది. తెల్లబట్ట రూపంలో ఒంట్లో సత్తువంతా పోతుందని, ఎముకలు కరిగిపోతాయని తెలిసినవారు భయపెడుతున్నారు. ఇది ఆగిపోవడానికి మందు చెప్పండి.

జవాబు: ఈ స్రావాన్ని ఆపడానికి మీకు మందేమీ రాయను, ఎందుకంటే మీరు వర్ణించిన దాంట్లో ఆపవలసినది ఏమీ లేదు. ఎప్పుడు పెరుగుతోందో, ఎప్పుడు చిక్కబడుతోందో మీరు జాగ్రత్తగా గమనించి రాశారు కాబట్టి ఇంత ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.

యోని గోడల్లో గ్రంథులు ఉండవు. అక్కడి తడిలో కొంత గోడల నుంచి ఊరే నీరు, కొంత గర్భాశయ ముఖద్వారంలోని గ్రంథులు తయారుచేసే జిగురు, మిగిలినది యోని లోపలి పొర నుంచి ఎప్పటికప్పుడు రాలిపోయే కణాలూ, అక్కడ సహజంగా నివసించే బ్యాక్టీరియా. రజస్వల అయినప్పటి నుంచి ముట్లు ఉడిగే వరకు ఈస్ట్రోజెన్ హార్మోను ప్రభావంతో ఆ కణాల్లో గ్లైకోజెన్ అనే చక్కెర పదార్థం నిల్వ ఉంటుంది. దాన్ని ఆధారం చేసుకుని బతికే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసి యోనిని ఆమ్లయుతంగా, అంటే పీహెచ్ 3.8 నుంచి 4.5 మధ్యలో ఉంచుతుంది. హాని చేసే సూక్ష్మజీవులు చాలా వరకు ఆ పులుపులో పెరగలేవు. అంటే మీరు ఆపాలనుకుంటున్న స్రావమే మీకు కాపలా కాస్తోంది. రోజుకు 1 నుంచి 4 మిల్లీలీటర్ల వరకు స్రావం ఊరడం సహజం, కొందరికి అంతకన్నా కొంచెం ఎక్కువైనా తప్పు లేదు. ముదురు రంగు లోదుస్తుల మీద ఆ చోట రంగు వెలిసిపోవడం ఈ ఆమ్లం వల్లనే. తెల్లగా వచ్చిన స్రావం ఆరిన తర్వాత లేత పసుపు మరకలా కనిపించడం కూడా మామూలే. ఆ మరకను చూసి చీము పట్టిందని కంగారు పడి వచ్చేవారు చాలామంది ఉంటారు.

ఇక నెల మధ్యలో జరిగే మార్పు. బహిష్టు ఆగిన తర్వాత కొన్ని రోజులు దాదాపు పొడిగా ఉండి, తర్వాత కొద్దిగా బంకగా, ఆపైన పలుచగా మారుతుంది. అండం విడుదలయ్యే ముందు ఈస్ట్రోజెన్ బాగా పెరగడంతో గర్భాశయ ముఖద్వారంలోని జిగురు స్వచ్ఛంగా, జారుడుగా, గుడ్డులోని తెల్లసొనలాగా రెండు వేళ్ల మధ్య తెగకుండా సాగుతుంది. వీర్యకణాలు పైకి వెళ్లడానికి అనువుగా శరీరం చేసుకునే ఏర్పాటు ఇది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరోన్ అనే మరో హార్మోను ప్రభావంతో జిగురు చిక్కబడి, తగ్గి, తర్వాతి నెలసరి వరకు అలాగే ఉంటుంది. మీరు ‘తీగలు సాగుతోంది’ అని రాసినది సరిగ్గా ఆ రోజులనే. మీకు అండం సక్రమంగా విడుదలవుతోందనడానికి అది చాలావరకు గుర్తు. లైంగిక ఉద్రేకం కలిగినప్పుడు, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడు, గర్భిణిగా ఉన్నప్పుడు కూడా స్రావం పెరుగుతుంది.

నీరసం విషయానికి వద్దాం. ఈ స్రావంలో అత్యధిక భాగం నీరే. దానితో పోయే మాంసకృత్తులు, లవణాలు లెక్కలోకి రానంత స్వల్పం. ఎముకలకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఈ అపోహలో నాకు కనిపించే అసలు నష్టం భయం కాదు. నీరసానికి తెల్లబట్టే కారణమని తీర్మానించుకున్న మనిషి రక్త పరీక్ష చేయించుకోదు. మీ వయసులో ఎప్పుడూ అలసటగా ఉంటే మొదట అనుమానించవలసింది రక్తహీనతను. గర్భం లేని స్త్రీలలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తక్కువ ఉంటే రక్తహీనతగా పరిగణిస్తారు. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా అయ్యేవారికి ఇది మరీ సాధారణం. హిమోగ్లోబిన్‌తో పాటు ఐరన్ నిల్వలు, థైరాయిడ్, బి12, డి విటమిన్లు చూపించుకోండి. నిద్ర ఎలా ఉందో, మనసులో దిగులేమైనా ఉందో కూడా ఆలోచించండి. దిగులు కూడా ఒంటి నొప్పుల రూపంలోనే బయటపడుతుంది.

స్రావం ఎంత ఉందన్నది ముఖ్యం కాదు, మీకు అలవాటైన తీరు నుంచి అది మారిందా అన్నదే ముఖ్యం. కొత్తగా దురద, మంట, నీచు వాసన, పసుపు లేదా ఆకుపచ్చ రంగు, నురగ, నెలసరి కాని రోజుల్లో రక్తపు చార, పొత్తికడుపు నొప్పి, జ్వరం వీటిలో ఏది తోడైనా అది ఇక మామూలు తెల్లబట్ట కాదు. అప్పుడు పరీక్ష చేయించుకోవాలి.

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్లు. ఇంకా పెద్దమనిషి కాలేదు. రెండు నెలలుగా లోదుస్తుల మీద తెల్లటి మరకలు చూస్తున్నాను. ఇంత చిన్న వయసులో తెల్లబట్ట ఏమిటని భయంగా ఉంది. రోజూ సబ్బుతో బాగా కడుక్కోమంటున్నాను.

జవాబు: ఛాతీ పెరగడం ఇప్పటికే మొదలైందా అన్నది మీరు రాయలేదు. మొదలై ఉంటే మీరు కంగారు పడవలసిన పని లేదు. మొదటి నెలసరికి 6 నుంచి 12 నెలల ముందు ఆడపిల్లలకు తెల్లటి, వాసన లేని స్రావం మొదలవుతుంది. అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారుచేయడం ఆరంభించాయనడానికి అది గుర్తు. కొద్ది నెలల్లో రజస్వల అవుతుందని ముందే తెలిసింది కాబట్టి అమ్మాయికి నెలసరి గురించి, ప్యాడ్ వాడడం గురించి ఇప్పుడే కూర్చోబెట్టి చెప్పండి. అకస్మాత్తుగా రక్తం చూసి బెదిరిపోకుండా ఉంటుంది.

సబ్బు మాత్రం వద్దు. యోని లోపలి భాగం తనను తాను శుభ్రం చేసుకుంటుంది. బయటి భాగాన్ని మామూలు నీటితో కడుక్కుని, మెత్తగా తుడుచుకుంటే చాలు. ఆ వయసు పిల్లల్లో అక్కడి చర్మం చాలా పలుచన కావడంతో సబ్బు, సువాసన ద్రవాలు, బిగుతైన సింథటిక్ దుస్తులు మంటను తెచ్చిపెడతాయి. అప్పుడు నిజంగానే జబ్బు చేసినట్టవుతుంది.

యుక్తవయసు లక్షణాలు ఇంకా ఏవీ లేని చిన్నపిల్లలకు స్రావం కనిపిస్తే మాత్రం కారణం వెతకాలి. రాత్రిపూట దురద ఎక్కువగా ఉంటే నులిపురుగులు కావచ్చు. దుర్వాసనతో, రక్తంతో కలిసి వస్తుంటే కాగితపు ముక్క లాంటిదేదో లోపల ఇరుక్కుని ఉండవచ్చు. ఎవరైనా పాపతో అసభ్యంగా ప్రవర్తించారేమోనన్న విషయాన్ని కూడా, ఎంత కష్టంగా అనిపించినా, పాపను బెదిరించకుండా, నిందించకుండా అడిగి తెలుసుకోవాలి. పుట్టిన కొద్ది రోజుల ఆడశిశువుకు తెల్లటి స్రావం గానీ ఒకటి రెండు చుక్కల రక్తం గానీ కనిపించడం వేరే సంగతి. అది తల్లి హార్మోన్ల ప్రభావం తగ్గుతుండడం వల్ల జరిగి దానంతట అదే ఆగిపోతుంది.

ప్రశ్న: నా వయసు 31 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. ఏడాదిగా పలుచగా, బూడిద రంగులో తెల్లబట్ట అవుతోంది. నీచు వాసన వస్తుంది. భర్తతో కలిసిన తర్వాత, నెలసరి ముగింపు రోజుల్లో ఆ వాసన భరించలేనంతగా ఉంటుంది. దురద లేదు. మెడికల్ షాపులో అడిగి మూడుసార్లు మాత్రలు వాడాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది. వాసన పోవడానికి లోపల కడుక్కునే ద్రవం కూడా రోజూ వాడుతున్నాను.

జవాబు: మీరు రాసిన లక్షణాలు బాక్టీరియల్ వజైనోసిస్ అనే పరిస్థితికి సరిపోతున్నాయి. పిల్లలు పుట్టే వయసులోని స్త్రీలలో అసహజ స్రావానికి అతి సాధారణ కారణం ఇదే. బయటి నుంచి కొత్త క్రిమి వచ్చి పడిందని దీన్ని సరళంగా చెప్పలేం. మేలు చేసే లాక్టోబాసిల్లస్ తగ్గిపోయి, గార్డ్‌నెరెల్లా తదితర బ్యాక్టీరియా విపరీతంగా పెరిగిపోతాయి. ఆమ్లత్వం తగ్గి పీహెచ్ 4.5 దాటుతుంది. ఈ బ్యాక్టీరియా తయారుచేసే అమైన్లు అనే రసాయనాలదే ఆ నీచు వాసన. వీర్యానికీ రక్తానికీ క్షార స్వభావం ఉండడంతో అవి తగలగానే ఆ రసాయనాలు ఆవిరై వాసన ఒక్కసారిగా పెరుగుతుంది. భర్తతో కలిసినప్పుడూ నెలసరి చివరా ఎక్కువవుతోందని మీరు రాసిన మాటకు వివరణ ఇదే.

నిర్ధారణ కష్టమేమీ కాదు. స్రావం ఒకే తీరుగా పలుచగా ఉండడం, పీహెచ్ 4.5 మించడం, స్రావానికి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపినప్పుడు నీచు వాసన రావడం, సూక్ష్మదర్శినిలో బ్యాక్టీరియా అంటుకుని అంచులు మసకబారిన కణాలు కనిపించడం అనే నాలుగింటిలో మూడు ఉంటే జబ్బును నిర్ధారిస్తారు. ఈ పద్ధతిని 1983 నుంచి అనుసరిస్తున్నారు. సాధారణంగా మెట్రోనిడజోల్ మాత్రలు 7 రోజులు గానీ, అదే మందు జెల్ రూపంలో గానీ, క్లిండమైసిన్ క్రీమ్ గానీ ఇస్తారు. క్లిండమైసిన్ క్రీమ్ వాడే రోజుల్లో, ఆ తర్వాత కొద్ది రోజులు కూడా కండోములు బలహీనపడి చిరిగే అవకాశం ఉందని గుర్తుంచుకోండి.

మళ్లీ మళ్లీ రావడం మీ ఒక్కరి సమస్య కాదు. చికిత్స తీసుకున్న వారిలో సగానికి పైగా మందికి ఏడాదిలోపు తిరగబెడుతుంది. అయితే మీ విషయంలో మూడు సంగతులు తేల్చుకోవాలి. మొదటిది, మీరు వాడిన మాత్రలు ఏవో మీకే తెలియదు. ఫంగస్ మందు వాడి ఉంటే ఈ జబ్బు మీద అది పనిచేయదు. రెండోది, లోపల కడిగే ద్రవం. వాసన పోగొట్టడానికి వాడుతున్న ఆ ద్రవమే మిగిలిన కాసిని లాక్టోబాసిల్లస్‌నూ కడిగేసి, జబ్బు తిరగబెట్టడానికి తోడ్పడుతుంది. పై భాగాలకు ఇన్ఫెక్షన్ ఎగబాకే ప్రమాదాన్ని కూడా పెంచుతుంది. దాన్ని ఈరోజే ఆపేయండి. సువాసన ప్యాడ్లు కూడా అక్కర్లేదు.

మూడోది మీ భర్తకు సంబంధించినది. భాగస్వామికి చికిత్స చేసినా ప్రయోజనం లేదని చాలాకాలం అనుకున్నాం. 2025లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధన ఈ అభిప్రాయాన్ని మార్చింది. స్త్రీకి మాత్రమే చికిత్స చేసిన జంటల్లో 12 వారాల లోపల 63 శాతం మందికి జబ్బు తిరగబెడితే, భర్తకు కూడా అదే సమయంలో 7 రోజుల పాటు మెట్రోనిడజోల్ మాత్రలు, అంగానికి రాసుకునే క్లిండమైసిన్ క్రీమ్ ఇచ్చిన జంటల్లో అది 35 శాతానికి తగ్గింది. పదేపదే బాధపడుతున్న మీలాంటివారు భర్తను వెంట తీసుకువెళ్లి వైద్యులతో ఈ విషయం మాట్లాడడం మంచిదని నా అభిప్రాయం. ఇంకా తిరగబెడుతుంటే వారానికి 2 సార్లు చొప్పున కొన్ని నెలల పాటు జెల్ వాడే పద్ధతి కూడా ఉంది.

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. ఈ ఏడాది నాలుగోసారి విపరీతమైన దురద, ముద్దలు ముద్దలుగా తెల్లబట్ట. మూత్రం తగిలితే మంట. ప్రతిసారీ ఒకే మాత్ర వేసుకుంటున్నాను. షుగర్ మందు ఈమధ్యే మార్చారు.

జవాబు: ఇది ఫంగస్ ఇన్ఫెక్షన్‌లా ఉంది. స్త్రీలలో 75 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా వచ్చే కాండిడా ఇది. స్రావం చిక్కగా ఉంటుంది, వాసన దాదాపు ఉండదు. దురద రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వదు. గోకడంతో చర్మం పగిలి, అక్కడ మూత్రం తగిలినప్పుడు భగ్గుమంటుంది. దీన్ని చాలామంది మూత్రంలో ఇన్ఫెక్షన్ అనుకుని దానికి యాంటీబయాటిక్స్ వాడతారు. ఆ యాంటీబయాటిక్స్ లాక్టోబాసిల్లస్‌ను చంపేయడంతో ఫంగస్ ఇంకా రెచ్చిపోతుంది.

షుగర్ మందు మార్చారన్న మీ చివరి వాక్యం ముఖ్యమైనది. చీటీలో ఆ మందు పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ అని ఉందేమో చూడండి. ఈ రకం మందులు రక్తంలోని చక్కెరను మూత్రం ద్వారా బయటకు పంపిస్తాయి. ఆ చక్కెర జననాంగం చుట్టూ చేరి ఫంగస్‌కు మేతవుతుంది. గుండెకూ మూత్రపిండాలకూ మేలు చేసే మంచి మందులే అవి. అందువల్ల మీ అంతట మీరు ఆపవద్దు. ఈ ఇబ్బంది గురించి రాసిచ్చిన వైద్యులకు చెప్పండి. మూడు నెలల సగటు షుగర్ తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోండి. షుగర్ అదుపులో లేకపోతే ఏ ఫంగస్ మందూ ఎక్కువ కాలం నిలవదు.

ఏడాదిలో 3 లేదా అంతకు మించి సార్లు వస్తే ఒక్కో మాత్రతో సరిపెట్టకూడదు. స్రావాన్ని కల్చర్ పరీక్షకు పంపి ఏ రకం ఫంగసో తేల్చాలి. అందరికీ తెలిసిన ఫ్లుకోనజోల్ మాత్రకు లొంగని రకాలు షుగర్ ఉన్నవారిలో తరచుగా కనిపిస్తాయి. మామూలు రకమే అయితే మొదట మూడు రోజులకు ఒకటి చొప్పున (1, 4, 7వ రోజుల్లో) మూడు మోతాదులు, తర్వాత వారానికి ఒకటి చొప్పున 6 నెలల పాటు ఫ్లుకోనజోల్ ఇచ్చే పద్ధతి ఉంది. కాలేయం తీరు, మీరు వాడే ఇతర మందులు చూసుకుని వైద్యులే దాన్ని నిర్ణయించాలి. దురద రాగానే ఫంగసే అనుకోవడం కూడా సరికాదు. ఫంగస్ క్రీములు సొంతంగా కొనుక్కున్న మహిళలను పరీక్షించిన 2002 నాటి అధ్యయనంలో వారిలో మూడింట ఒక వంతు మందికి మాత్రమే అచ్చంగా ఆ జబ్బు ఉన్నట్టు తేలింది.

ప్రశ్న: ఏడో నెల గర్భిణిని. తెల్లబట్ట బాగా ఎక్కువైంది. రెండు రోజులుగా నీళ్లలా కూడా అనిపిస్తోంది. ఇది ఉమ్మనీరా, తెల్లబట్టా అని ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ఈ పత్రిక మీ చేతికి అందేలోపే మీరు ఆసుపత్రికి వెళ్లి ఉంటారని ఆశిస్తున్నాను. గర్భంతో ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్, రక్త ప్రసరణ రెండూ పెరగడంతో పలుచని, పాలలాంటి, వాసన లేని స్రావం ఎక్కువ కావడం సహజం. కానీ నీళ్లలా కారుతోందన్న అనుమానం 37 వారాల లోపు వస్తే ఇంట్లో తేల్చుకునే విషయం కాదు. బయలుదేరేలోపు పొడి ప్యాడ్ పెట్టుకుని అరగంట పడుకుని లేవండి. లేచి నిలబడగానే ఒక్కసారిగా నీళ్లు జారితే ఉమ్మనీరు అయ్యే అవకాశం ఎక్కువ. అలా జరగకపోయినా ఉమ్మనీరు కాదని చెప్పలేం, కాబట్టి ఆ ప్యాడ్‌ను వైద్యులకు చూపించండి. గర్భాశయం మూత్రాశయం మీద ఒత్తడంతో మూత్రం కారడం కూడా సాధారణమే, పరీక్ష చేస్తే అది తెలిసిపోతుంది. అప్పటిదాకా లోపల ఏదీ పెట్టవద్దు, కలయిక వద్దు.

ఆకుపచ్చగా, రక్తంతో, దుర్వాసనతో కారినా, కడుపు బిగుసుకుంటున్నా, బిడ్డ కదలికలు తగ్గినా ఆ గంటలోనే వెళ్లాలి. దురద, చిక్కటి తెల్లబట్ట కూడా ఉంటే గర్భిణులకు యోనిలో పెట్టుకునే క్లోట్రిమజోల్ లాంటి మందును 7 రోజులు ఇస్తారు, నోటి ద్వారా వేసుకునే ఫ్లుకోనజోల్ వాడరు. పాత చీటీ చూసి మాత్ర కొనుక్కోవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను.

ప్రశ్న: నా వయసు 58. నెలసరి ఆగి ఎనిమిదేళ్లయింది. కొంతకాలంగా మంట, పొడిబారినట్టు ఉంటోంది. పోయిన నెల రెండుసార్లు గోధుమ రంగు మరక కనిపించింది. చాలా కొద్దిగానే. వయసు పైబడింది కదా, ఇది మామూలేనా?

జవాబు: కాదు. నెలసరి ఆగి ఏడాది దాటిన తర్వాత ఒక్క చుక్క రక్తం కనిపించినా, అది గోధుమ రంగులోనో గులాబీ రంగులోనో ఉన్నా, పరీక్ష చేయించుకోవలసిందే. పాత రక్తమే గోధుమ రంగులో కనిపిస్తుంది. ఇలా రక్తం కనిపించిన స్త్రీలలో ఎక్కువమందికి ప్రమాదకరమైన కారణం ఉండదు, కానీ సుమారు పదిమందిలో ఒకరికి గర్భాశయపు లోపొర క్యాన్సర్ బయటపడుతుంది. ఆ క్యాన్సర్ తొలి దశలో దొరికితే ఆపరేషన్‌తో నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. అందుకే ఈ మరకను ముందుగానే అందిన హెచ్చరికగా తీసుకోవాలి.

మొదట గర్భాశయ ముఖద్వారాన్ని చూస్తారు, ఆ తర్వాత యోని ద్వారా స్కానింగ్ చేసి లోపొర మందం కొలుస్తారు. 4 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా తక్కువ ఉంటే చాలావరకు నిశ్చింత. అంతకన్నా మందంగా ఉన్నా, మరకలు మళ్లీ కనిపించినా చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. రక్తంతో కలిసి నీళ్లలా, దుర్వాసనతో కారే స్రావం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లోనూ ఉంటుంది కాబట్టి, ఆ క్యాన్సర్‌ను ముందే పసిగట్టే హెచ్‌పీవీ లేదా పాప్ స్మియర్ పరీక్ష ఇప్పటిదాకా చేయించుకోకపోతే ఆ సంగతి కూడా చెప్పండి.

మంట, పొడిబారడం మాత్రం ఈస్ట్రోజెన్ తగ్గడం వల్ల వచ్చినవే కావచ్చు. లోపొర పలుచబడి, లాక్టోబాసిల్లస్ తగ్గి, కొందరికి పసుపు రంగు స్రావం కూడా వస్తుంది. దానికి యాంటీబయాటిక్స్‌తో పని లేదు. అక్కడ మాత్రమే వాడే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీమ్ కొద్ది వారాల్లో గుణం చూపిస్తుంది. అయితే మరకకు కారణం తేలిన తర్వాతే అది మొదలుపెట్టాలి.

ప్రశ్న: నా భార్యకు పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో నురగతో తెల్లబట్ట అవుతుంటే చూపించాం. ట్రైకోమోనాస్ అన్నారు. నన్నూ మందులు వాడమన్నారు. నాకు ఏ ఇబ్బందీ లేదు. జబ్బు ఆమెకైతే నేనెందుకు వాడాలి? అసలు ఇది ఎవరి నుంచి వచ్చిందో తెలుసుకునే పరీక్ష ఉందా?

జవాబు: మీరు తప్పకుండా వాడాలి. ట్రైకోమోనాస్ ఒక ఏకకణ జీవి, లైంగిక సంపర్కం ద్వారానే వ్యాపిస్తుంది. మగవారిలో చాలామందికి ఏ లక్షణమూ కనిపించకుండానే మూత్రనాళంలో ఉంటుంది. మీరు మందు వాడకపోతే ఆమెకు నయమైన తర్వాత తిరిగి మీ నుంచి సోకవచ్చు. ఇద్దరూ ఒకేసారి మందు వాడి, ఇద్దరి చికిత్సా పూర్తయ్యి లక్షణాలు పోయే వరకు కలయికకు దూరంగా ఉండాలి. సుమారు 3 నెలల తర్వాత ఆమెకు మళ్లీ పరీక్ష చేయించాలి. క్లమీడియా, గనేరియా, సిఫిలిస్, హెచ్ఐవీ పరీక్షలు కూడా ఇద్దరూ చేయించుకోవడం మంచిది. ముఖ్యంగా క్లమీడియా స్త్రీలలో లక్షణాలు లేకుండానే గర్భనాళాల దాకా వెళ్లి వాటిని మూసివేయగలదు, అప్పుడు సంతానం కలగడం కష్టమవుతుంది.

మీ చివరి ప్రశ్నకు, లేదు, అలాంటి పరీక్ష లేదు. ఈ క్రిమి నెలల పాటు, కొన్నిసార్లు ఏళ్ల పాటు కూడా ఎవరి ఒంట్లోనైనా చడీచప్పుడు లేకుండా ఉండగలదు. అది ఇప్పుడు బయటపడింది కాబట్టి ఇప్పుడే సోకిందని గానీ, మొదట ఆమెకే ఉందని గానీ అనడానికి వైద్యపరంగా ఏ ఆధారమూ లేదు. చూపించుకోవడానికి వచ్చింది ఆమె కాబట్టి ఆమె పేరు మీద బయటపడింది, అంతే.

ప్రశ్న: నాకు 20 ఏళ్లు, అవివాహితను. వాసన, దురద ఉన్నా డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే లోపల పరీక్ష చేస్తారని భయం. పరీక్ష లేకుండా మందు ఇవ్వరా?

జవాబు: చాలా సందర్భాల్లో లోపల పరికరం పెట్టి చూడవలసిన అవసరం ఉండదు. మీరు లక్షణాలు వివరంగా చెప్పిన తర్వాత, దూదిపుల్లలాంటి సన్నని స్వాబ్‌ను యోని మొదట్లో తిప్పి నమూనా తీస్తారు. కొన్ని చోట్ల ఆ స్వాబ్‌ను మీ చేతికే ఇచ్చి బాత్రూములో మిమ్మల్నే తీసుకోమంటారు. ఆ నమూనా కూడా పరీక్షకు పనికివస్తుంది. ఏది చేసినా ముందుగా మీకు చెప్పి, మీ అనుమతి తీసుకునే చేయాలి. మహిళా వైద్యురాలు కావాలని, పక్కన నర్సు గానీ మీ వారెవరైనా గానీ ఉండాలని మీరు అడగవచ్చు. వద్దనుకుంటే మధ్యలో ఆపమని చెప్పే హక్కు మీది.

వెళ్లే ముందు రెండు రోజులు లోపల క్రీములు, ద్రవాలు ఏవీ వాడకండి. వాడితే పరీక్షలో జబ్బు దొరకకుండా పోవచ్చు. నెలసరి రోజుల్లో కాకుండా వెళ్లండి. ఆఖరి నెలసరి తేదీ, లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి, ఈ మధ్య యాంటీబయాటిక్స్ ఏవైనా వాడారా అన్నవి ఒక కాగితం మీద రాసుకుని వెళితే అక్కడ తడబడకుండా చెప్పవచ్చు. లైంగిక సంబంధం గురించి అడుగుతారు. ఏ పరీక్షలు చేయాలో ఆ జవాబును బట్టే నిర్ణయమవుతుంది కాబట్టి అడుగుతారే తప్ప మీ మంచి చెడ్డలు తేల్చడానికి కాదు. ఇంట్లోవారి ఎదుట చెప్పలేకపోతే, ‘డాక్టరుగారితో ఒక్క నిమిషం విడిగా మాట్లాడాలి’ అని అడగండి. అది వైద్యులకు అలవాటైన కోరికే, కారణం కూడా అడగరు.